మైనస్ వోల్టేజీకి పీట వేయడం: నెగటివ్ సెన్సర్ సిగ్నల్‌ని ఏడీసీకి అందించే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

పూసపాటిరేగ దగ్గర మా చిన్నాన్నకి రెండు రొయ్యల చెరువులున్నాయి. వనామి వేస్తాడు. నీటి పీహెచ్ ఎప్పటికప్పుడు ఫోన్‌లో కనబడేలా ఒక పెట్టె కట్టి ఇస్తానని మాటిచ్చాను. పీహెచ్ ఎలక్ట్రోడ్ తెప్పించి, మధ్యలో సెన్సర్ మీద భారం పడకుండా సిగ్నల్‌ని అందించే ఆప్‌ఆంప్ బఫర్ ఒకటి పెట్టి, ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపి, విజయనగరంలో మా ఇంటి వంటగదిలోనే పరీక్ష చేశాను. వెనిగర్‌లో ముంచితే అంకె లేచింది. నిమ్మరసంలో ముంచితే లేచింది. సంబరంగా పట్టుకెళ్లి చెరువులో దించితే సున్నా. గట్టు మార్చి చూశాను, సున్నా. రెండో చెరువులోనూ అంతే. చిన్నాన్న కాసేపు చూసి, "ఏట్రా, నీ మిషనుకి సున్నా తప్ప ఇంకో అంకె రాదేటి?" అన్నాడు.

ఎలక్ట్రోడ్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. అదీ సున్నాయే. నిజానికి రెండూ నిక్షేపంలా ఉన్నాయి. పీహెచ్ 7 దగ్గర ఈ ఎలక్ట్రోడ్ ఇచ్చేది సున్నా వోల్టులు. 7 కంటే తగ్గితే, అంటే ఆమ్లాల్లో, ప్లస్. 7 దాటితే మైనస్. రొయ్యల చెరువు నీళ్ల పీహెచ్ మామూలుగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది కాబట్టి చెరువులో ఉన్నంతసేపూ ఎలక్ట్రోడ్ మైనస్‌లోనే మాట్లాడుతుంది. నా సర్క్యూట్‌కి మైనస్ వినబడదు. వంటగదిలో నేను ముంచినవన్నీ పులుపు సరుకులు కావడంతో తప్పు బయటపడలేదు. ఒక్క చెంచా వంట సోడా కలిపి చూసినా ఆ రోజే తెలిసిపోయేది.

ఆ పెట్టె సరిచేసే క్రమంలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. పీహెచ్‌కే కాదు, మైనస్ వోల్టేజీ ఇచ్చే ఏ సెన్సర్‌కైనా పనికొస్తుంది.

మైనస్ ఇస్తే పిన్‌లో ఏం జరుగుతుంది

ఆర్డ్యునో ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్‌లోని ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, 10 బిట్లది. 0 నుంచి 5 వోల్టుల దాకా ఉన్న దూరాన్ని 1024 మెట్లుగా కోస్తుంది, ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. 0 కింద మెట్లు లేవు. మైనస్ 5 మిల్లీవోల్టులు ఇచ్చినా, మైనస్ 300 ఇచ్చినా అది చెప్పేది సున్నాయే. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఇదే అసలు ఇబ్బంది.

ఇంకా కిందికి లాగితే దెబ్బ తగులుతుంది. ప్రతి పిన్‌కీ, గ్రౌండ్‌కీ మధ్య చిప్ లోపల ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. పిన్ వోల్టేజీ సుమారు మైనస్ 0.6 దాటగానే అది తెరుచుకుని కరెంటు పారిస్తుంది. ఏటీమెగాకి తయారీదారు ఇచ్చిన హద్దు మైనస్ 0.5 వోల్టు. ఈఎస్‌పీ 32 లాంటి 3.3 వోల్టుల చిప్‌లకి అది మైనస్ 0.3 మాత్రమే. ఆ డయోడ్ పారుతున్నప్పుడు పక్క ఛానెళ్ల రీడింగులు కూడా చెడిపోతాయి. ఏ1 అనే పిన్‌లో ఉన్న ఉష్ణోగ్రత పిచ్చిగా ఎగురుతుంటే తప్పు పక్కనున్న ఏ0 పిన్‌లో ఉండొచ్చు.

సెన్సర్ గురించి ముందు తెలుసుకోవలసినవి

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. సెన్సర్ వోల్టేజీ ఎంత నుంచి ఎంత దాకా పోతుంది? అది నిలకడగా ఉండే డీసీనా, ఊగే ఏసీనా? దాని లోపలి నిరోధం, అంటే సోర్స్ ఇంపెడెన్స్, ఎంత? చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. కానీ ఏ పద్ధతి వాడాలో తేల్చేది మూడోదే. పరిశ్రమల్లో వాడే ప్లస్ మైనస్ 10 వోల్టుల సిగ్నల్‌కి ఇంపెడెన్స్ చాలా తక్కువ, దానికి మూడు రెసిస్టర్లు చాలు. గాజు పీహెచ్ ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్ పదుల నుంచి వందల మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. దానికి అవే మూడు రెసిస్టర్లు పెడితే సిగ్నల్ మొత్తం వాటిలోనే ఇంకిపోతుంది.

పీట

అటక మీద డబ్బా అందకపోతే పీట వేసుకుంటాం. మనిషి పొడవు పెరగదు, నిలబడే చోటు పెరుగుతుంది. వోల్టేజీ అంటే రెండు తీగల మధ్య తేడా మాత్రమే. ఒక తీగని 0 దగ్గర కాకుండా 2.5 వోల్టుల దగ్గర నిలబెడితే రెండో తీగ దానికంటే 0.4 కిందికి దిగినా గ్రౌండ్‌కి 2.1 పైనే ఉంటుంది. ఆ మధ్య వోల్టేజీని పుస్తకాలు బయాస్ అనీ, వర్చువల్ గ్రౌండ్ అనీ అంటాయి. నేను పీట అనే అంటాను, ఈ వ్యాసమంతా అలాగే రాస్తాను.

సెన్సర్ తీగలు రెండూ మన చేతిలో ఉంటే, అంటే ఏదీ ముందే గ్రౌండ్‌కి కట్టేసి లేకపోతే, సెన్సర్‌నే పీట ఎక్కించాలి. ఒక తీగ ముందే గ్రౌండ్‌కి కట్టేసి ఉంటే దాన్ని కదపలేం, సిగ్నల్‌నే కుదించి పైకి జరపాలి. సులువు కాబట్టి ముందు ఈ రెండోది చూద్దాం.

మూడు రెసిస్టర్ల పద్ధతి: ప్లస్ మైనస్ 10 వోల్టులకి

మన జిల్లాలో ఏ జూట్ మిల్లులోనో, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలోనో డ్రైవ్ ప్యానెల్ తెరిస్తే మోటారు ముందుకి తిరిగితే ప్లస్ 10 దాకా, వెనక్కి తిరిగితే మైనస్ 10 దాకా ఇచ్చే సిగ్నల్ కనబడొచ్చు. దాన్ని 0 నుంచి 5 లోపల ఇమడ్చాలి.

ఒక చుక్క పెట్టుకోండి. ఆ చుక్క నుంచి ఏడీసీ పిన్‌కి తీగ. చుక్క నుంచి సెన్సర్‌కి 22 కిలో ఓమ్. చుక్క నుంచి 5 వోల్టులకి 10 కిలో ఓమ్. చుక్క నుంచి గ్రౌండ్‌కి 18 కిలో ఓమ్. సర్క్యూట్ అంతే. సెన్సర్ గ్రౌండ్‌నీ, బోర్డు గ్రౌండ్‌నీ కలపడం మరవకండి.

ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే మీ సెన్సర్‌కి మీరే లెక్క వేసుకోగలరు. చుక్క మూడు వైపుల నుంచీ లాగబడుతుంది. ఎవరి రెసిస్టర్ చిన్నదైతే వాళ్ల లాగుడు ఎక్కువ. లాగుడు అంటే 1ని రెసిస్టర్‌తో భాగిస్తే వచ్చేది. 22 కిలోకి 0.04545, 10 కిలోకి 0.1, 18 కిలోకి 0.05556. మొత్తం 0.201. సెన్సర్ వాటా 0.04545 ÷ 0.201 = 0.226. అంటే సెన్సర్ 1 వోల్టు కదిలితే చుక్క 0.226 వోల్టు కదులుతుంది. 5 వోల్టుల వైపు వాటా 0.4975, దాన్ని 5తో గుణిస్తే 2.487. సెన్సర్ సున్నా దగ్గర ఉన్నప్పుడు చుక్క ఉండే చోటు, అంటే పీట ఎత్తు, అదే. ఇక మైనస్ 10కి 2.487 − 2.261 = 0.226 వోల్టు, ప్లస్ 10కి 4.749 వోల్టులు.

20, 10, 20 కిలో ఓమ్‌లు పెడితే లెక్క ఇంకా ముచ్చటగా సరిగ్గా 0 నుంచి 5 దాకా వస్తుంది. నేను వాడను. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు ఒక్కోసారి 4.7 మాత్రమే ఉంటాయి, రెసిస్టర్లు ఒక శాతం అటూ ఇటూ ఉంటాయి. అంచుకి ఆనించి కట్టిన సర్క్యూట్‌లో మైనస్ 10 దగ్గర మళ్లీ పాత సున్నా జబ్బే వస్తుంది. పైన చెప్పిన విలువలతో అయితే సప్లై 4.7కి దిగినా చుక్క 0.077 వోల్టు దగ్గర, గ్రౌండ్‌కి పైనే ఉంటుంది.

ఏటీమెగా ఏడీసీకి ఎదురయ్యే ఇంపెడెన్స్ 10 కిలో ఓమ్ లోపు ఉండాలి. ఇక్కడ మూడూ సమాంతరంగా కలిసి 5 కిలో ఓమ్‌కి కొంచెం తక్కువ వస్తాయి, ఇబ్బంది లేదు. చుక్క నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే గోల తగ్గుతుంది.

ఈఎస్‌పీ 32 అయితే ఇంకో పేచీ ఉంది. దాని ఏడీసీ కింది అంచులోనూ, పై అంచులోనూ వంకర. సుమారు 0.15 నుంచి 2.45 వోల్టుల మధ్యే నమ్మదగ్గది. అందుకని సెన్సర్ వైపు 100 కిలో, 3.3 వోల్టుల వైపు 27 కిలో, గ్రౌండ్ వైపు 22 కిలో పెట్టండి. మైనస్ 10కి 0.24, ప్లస్ 10కి 2.40 వోల్టులు వస్తాయి. ఇక్కడ కెపాసిటర్ తప్పనిసరి.

ఈ పద్ధతిలో ఒక దొంగ ఉన్నాడు. సెన్సర్ తీగ తెగిపోయిందనుకోండి. మిగిలిన 10, 18 కిలోల మధ్య చుక్క 3.21 వోల్టుల దగ్గర నిలబడుతుంది. మీ ప్రోగ్రాం దాన్ని సెన్సర్ నుంచి వచ్చిన ప్లస్ 3.2 వోల్టులుగా చదువుతుంది. మోటారు ఆగిపోయి ఉన్నా తెర మీద మూడో వంతు వేగంతో తిరుగుతున్నట్టే కనబడుతుంది. అంకె చాలాసేపు ఆ ఒక్క విలువ దగ్గరే కదలకుండా ఉంటే ప్రోగ్రాంలో అనుమానించేలా రాసుకోండి.

ఎప్పుడూ మైనసే ఇచ్చే సెన్సర్, ఊగే సెన్సర్

కొన్ని సెన్సర్లు 0 నుంచి మైనస్ 2 దాకా మాత్రమే పోతాయి, ప్లస్‌కి రావు. వాటికి పీట అక్కర్లేదు. ఆప్‌ఆంప్‌ని ఇన్వర్టింగ్ పద్ధతిలో, ప్లస్ ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కట్టి, సెన్సర్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 10 కిలో, అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి 20 కిలో పెడితే మైనస్ 2 కాస్తా ప్లస్ 4 అవుతుంది. ఆప్‌ఆంప్‌కి 5 వోల్టుల సప్లై ఒక్కటే చాలు. ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా, అవుట్‌పుట్ సప్లై రెండు అంచుల దాకా, అంటే 0కీ 5కీ దగ్గర దాకా, పోగలిగే రకం అయితే సరి.

ఏసీ కూడా తేలికే. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు తిరుగుతోందో లేదో తెలియడానికి తీగ చుట్టూ బిగించే ఎస్‌సీటీ 013 కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నారనుకోండి. 100 ఆంపియర్లకి 50 మిల్లీఆంపియర్లు ఇచ్చే రకం అయితే దాని రెండు కొసల మధ్య 33 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. ఒక కొసని రెండు 10 కిలో ఓమ్‌ల మధ్య నుంచి వచ్చే 2.5 వోల్టుల పీటకి కట్టండి, పీటకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్. రెండో కొస ఏడీసీకి. ప్రోగ్రాంలో సగటు తీసి ప్రతి రీడింగు నుంచి తీసివేస్తే మిగిలేది అసలు ఊగు. ఒక్కటే జాగ్రత్త, ఆ 33 ఓమ్ లేకుండా ట్రాన్స్‌ఫార్మర్‌ని కరెంటున్న తీగకి బిగించకండి. చిన్న మోటారు లాగేది రెండు మూడు ఆంపియర్లే కాబట్టి సిగ్నల్ బాగా చిన్నది. ఒక ఫేజు తీగని, కరెంటు తీసేశాకే సుమా, ఆ రింగులోంచి ఐదు చుట్లు తిప్పితే ఐదింతలవుతుంది.

పీహెచ్ ఎలక్ట్రోడ్: అసలు పని ఇక్కడ

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ ఒకటి మారితే 59.16 మిల్లీవోల్టులు మారుతుంది. 0 పీహెచ్‌కి ప్లస్ 414, 14కి మైనస్ 414. చెరువు 8.2 దగ్గర ఉంటే మైనస్ 71 మిల్లీవోల్టులు. చిన్న వోల్టేజీయే కానీ ఒక మాదిరి మీటర్‌తో కొలవొచ్చు కదా అనిపిస్తుంది. కొలవలేం. ఇంటి మల్టీమీటర్ ఇంపెడెన్స్ 10 మెగా ఓమ్, ఎలక్ట్రోడ్‌ది ఉదాహరణకి 100 మెగా ఓమ్. మీటర్ పెట్టగానే సిగ్నల్‌లో పదకొండో వంతు మిగులుతుంది.

ఆప్‌ఆంప్ ఎంపికలోనూ ఇదే లెక్క. ఏ షాపులోనైనా దొరికే ఎల్‌ఎం 358 ఇన్‌పుట్‌లో సుమారు 45 నానోఆంపియర్లు పారతాయి. అది 100 మెగా ఓమ్ మీద పారితే 4.5 వోల్టులు! కొలవాల్సింది 71 మిల్లీవోల్టులు. ఎంసీపీ 6002లో ఆ కరెంటు మామూలు గది వేడిలో 1 పికోఆంపియర్, అంటే తప్పు 0.1 మిల్లీవోల్టు. ఎనిమిది కాళ్ల మామూలు సైజులో దొరుకుతుంది, ఒక చిప్‌లో రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ అంచులదాకా పోతాయి. 6 వోల్టులు దాటి ఇవ్వకూడదు, అంతే. పోలికగా ఉంటుంది కదా అని టీఎల్ 072 పెట్టకండి. కరెంటు తక్కువే కానీ 5 వోల్టుల ఒంటి సప్లై మీద అది సరిగా పనిచేయదు.

*తీగలు కలపడం.* ఎంసీపీ 6002 ఎనిమిదో కాలుకి 5 వోల్టులు, నాలుగో కాలుకి గ్రౌండ్, రెండింటి మధ్య చిప్‌కి ఆనుకుని 100 నానోఫారడ్. 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య రెండు 10 కిలో ఓమ్‌లు వరసగా పెట్టి, వాటి నడుమ నుంచి ఐదో కాలుకి తీగ. అక్కడి నుంచే గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్. ఆరో కాలునీ ఏడో కాలునీ కలిపేయండి. ఏడో కాలు దగ్గర 2.5 వోల్టుల గట్టి పీట తయారు.

ఇప్పుడు ఎలక్ట్రోడ్. దాని బీఎన్‌సీ కనెక్టర్ బయటి లోహం ఏడో కాలుకి. గ్రౌండ్‌కి కాదు. అలవాటుగా చేయి గ్రౌండ్‌కే పోతుంది, ఆపుకోండి. లోపలి సూది మూడో కాలుకి. ఒకటో కాలు నుంచి రెండో కాలుకి 39 కిలో, రెండో కాలు నుంచి ఏడో కాలుకి 10 కిలో. దీంతో సిగ్నల్ 4.9 రెట్లు పెరుగుతుంది, అదీ పీట చుట్టూ. ఒకటో కాలు నుంచి 1 కిలో ఓమ్ ద్వారా ఏ0కి, ఏ0 నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్. ఏడో కాలు నుంచి కూడా అలాగే 1 కిలో, 100 నానోఫారడ్‌తో ఏ1కి. పీటని కూడా కొలిచి, ఏ0 నుంచి ఏ1ని తీసివేస్తే పీట కాస్త కదిలినా మనకి పట్టదు.

పీహెచ్ 0కి 4.53 వోల్టులు, 14కి 0.47. రెండూ లోపలే. చెరువు 8.2కి 71 × 4.9 = 348 మిల్లీవోల్టులు పీట కింద, అంటే 2.15 వోల్టులు. పీహెచ్ ఒకటికి ఏడీసీ మెట్లు సుమారు 59, అంటే మెట్టుకి 0.017 పీహెచ్. చెరువుకి 0.1 తేడా తెలిస్తే చాలు కాబట్టి 10 బిట్లు సరిపోతాయి.

పెట్టె ఇనుపదైతే బీఎన్‌సీ దానికి తగలకుండా ప్లాస్టిక్ వాషర్ వేయండి. లేకపోతే పీట గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది.

*ఎలక్ట్రోడ్ లేకుండా పరీక్ష.* ఇది దాటేసి చెరువుకి వెళ్లేవాళ్లు నాలాగే మాట పడతారు. ముందు బీఎన్‌సీ లోపలి సూదినీ బయటి లోహాన్నీ చిన్న తీగతో కలపండి. ఒకటో కాలు దగ్గర పీటంత వోల్టేజీయే రావాలి. ఆప్‌ఆంప్ ఆఫ్‌సెట్ వల్ల ఒకటి రెండు పదుల మిల్లీవోల్టుల తేడా మామూలే.

తర్వాత గోడ గడియారంలోంచి ఒక 1.5 వోల్టుల సెల్ తీయండి. దాని మీద 10 కిలో, 1 కిలో ఓమ్‌లు వరసగా పెడితే 1 కిలో మీద 136 మిల్లీవోల్టులు దొరుకుతాయి. ఆ 1 కిలో రెండు కొసల్నీ బీఎన్‌సీకి తగిలించండి. ఒకటో కాలు దగ్గర 3.17 వోల్టులు. కొసలు తిరగేయండి, 1.83 వోల్టులు. తిరగేసినప్పుడు 0 కాకుండా 1.83 చూపించిందంటే మైనస్ వినబడుతోందన్నమాట. సెల్ కొత్తదైతే 1.6 వోల్టుల దాకా ఉంటుంది, దాన్ని కొలిచి లెక్క సవరించుకోండి.

మూడోది, సూదికీ ఆ 136 మిల్లీవోల్టులకీ మధ్య 10 మెగా ఓమ్ రెసిస్టర్లు పది వరసగా పెట్టండి. రీడింగు మారకూడదు. మారితే ఆప్‌ఆంప్ నకిలీదో, బోర్డు మురికిదో.

*మురికి లెక్క.* మూడో కాలు 2.5 వోల్టుల దగ్గర ఉంది, దాని పక్కనే నాలుగో కాలు గ్రౌండ్. ఆ రెండింటి మధ్య ఫ్లక్స్ మరకో, వేలిముద్రో, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తేమో చేరి 10,000 మెగా ఓమ్‌ల దారి ఏర్పడిందనుకోండి. వినడానికి అదేం దారి అనిపిస్తుంది. కానీ 100 మెగా ఓమ్ ఎలక్ట్రోడ్‌తో అది 2.5 వోల్టుల్లో నూట ఒకటో వంతు, సుమారు 25 మిల్లీవోల్టులు కిందికి లాగుతుంది. అంటే 0.42 పీహెచ్ తప్పు, అదీ పెరిగినట్టు చూపించే తప్పు. ముసురు పట్టిన రోజు చెరువు పీహెచ్ దానంతటదే పెరిగిందంటే ముందు బోర్డుని అనుమానించండి.

అందుకే బ్రెడ్‌బోర్డు మీద ఈ సర్క్యూట్ శాశ్వతంగా ఉంచకూడదు. నేను చేసేదేమిటంటే, మూడో కాలుని బోర్డులోకి దూర్చకుండా పైకి వంచి, గాల్లోనే బీఎన్‌సీ సూది తీగని దానికి సోల్డర్ చేస్తాను. చూడ్డానికి మొరటుగా ఉంటుంది. గాలి కంటే మంచి ఇన్సులేటర్ మన దగ్గర లేదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, ఆరాక పెట్టె మూసి, లోపల సిలికా జెల్ పొట్లం వేస్తాను.

చెరువు దగ్గర ఎదురైన రెండో సున్నా

బల్ల మీద అన్నీ సరిపోయాయి. చెరువు నీళ్లు స్టీలు గ్లాసులో తెచ్చి ముంచితే 8.2. చెరువులో దించగానే అంకె ఎక్కడికో పోయింది. ఈసారి కారణం నీళ్లే. అదే బోర్డుకి ఉప్పు శాతం తెలిపే టీడీఎస్ ప్రోబ్ కూడా ఉంది, దాని సర్క్యూట్ బోర్డు గ్రౌండ్‌ని నీళ్లలోకి తెచ్చింది. చెరువు నీళ్లు మంచి వాహకం. పీహెచ్ ఎలక్ట్రోడ్ రిఫరెన్స్ తీగ, అంటే బీఎన్‌సీ బయటి లోహం వైపుది, పీట మీద 2.5 వోల్టుల దగ్గర ఉంది. ఒకే నీళ్లలో ఒకటి 2.5 అంటుంది, ఇంకొకటి 0 అంటుంది. రెండింటి మధ్య రిఫరెన్స్ గుండా కరెంటు పారి రీడింగు పాడైంది. ఎక్కువ కాలం అలా వదిలితే ఎలక్ట్రోడ్ కూడా పాడవుతుంది.

పీట వేసిన సెన్సర్ ఏదైనా సరే, దాన్ని ముంచిన చోటికి బోర్డు గ్రౌండ్ ఇంకో దారిలో రాకూడదు. దీనికి మూడు మందులున్నాయి. పీహెచ్ భాగానికి ఏదీ పంచుకోని సొంత బ్యాటరీ, సొంత వైర్‌లెస్ పెట్టడం. లేదా బీ0505ఎస్ లాంటి ఐసోలేటెడ్, అంటే రెండు వైపుల గ్రౌండ్‌లనీ కలవనివ్వని, కన్వర్టర్‌తో విడి 5 వోల్టులు ఇచ్చి, డేటాని ఐసోలేటర్ చిప్ గుండా పంపడం. లేదా చిన్న రిలేతో టీడీఎస్ ప్రోబ్ తీగలు రెండిటినీ తెంపి, అప్పుడు మాత్రమే పీహెచ్ చదవడం. నేను మూడోది చేసి రెండు నెలలకి రిలే కాంటాక్టులు తుప్పు పట్టాక మొదటిదానికి మారాను. ఉప్పు గాలి ఉన్న చోట రిలే వద్దు.

పెట్టె మెయిన్స్ అడాప్టర్ మీద నడుస్తుంటే ఇంకో చిక్కు. ఏరేటర్ మోటారు లీకేజీ, ఎర్తింగ్, అడాప్టర్ అన్నీ కలిసి నీళ్ల గుండా ఇలాంటి దారే వేయగలవు. ఏరేటర్ ఆన్ చేయగానే పీహెచ్ దూకితే చూడాల్సింది అదే. అయినా నీళ్లలో చేయి పెట్టే చోట మెయిన్స్ ఎందుకు, బ్యాటరీయే మేలు.

కాలిబ్రేషన్

నీళ్లలో కలిపితే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం తయారయ్యే బఫర్ పొడి పొట్లాలు (ఆప్‌ఆంప్ బఫర్ వేరు, ఇది వేరు) సాధారణంగా 4.00, 6.86, 9.18 విలువలతో దొరుకుతాయి. చెరువుకి కావాల్సినవి చివరి రెండే. 4.00 ఆమ్లం వైపుది, మన పని అటు లేదు. ఒక్కో దాంట్లో ఎలక్ట్రోడ్ ముంచి, అంకె నిలబడేదాకా ఆగి, ఏ0 మైనస్ ఏ1 రాసుకోండి. ఒక బఫర్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, టిష్యూతో అద్దండి, రుద్దకండి.

ఉదాహరణకి నీళ్లు 30 డిగ్రీల దగ్గర 6.86లో ప్లస్ 8, 9.18లో మైనస్ 127 వచ్చాయనుకుందాం. తేడా 135 మెట్లు, పీహెచ్ తేడా 2.32. పీహెచ్‌కి 58.2 మెట్లు. చెరువులో మైనస్ 72 వస్తే ప్లస్ 8 నుంచి 80 మెట్లు కిందికి వచ్చినట్టు. 80 ÷ 58.2 = 1.37. దానికి 6.86 కలిపితే 8.23.

30 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం రావాల్సింది పీహెచ్‌కి 60.15 మిల్లీవోల్టులు, అంటే సుమారు 60.4 మెట్లు. మనకి 58.2 వచ్చాయి, 96 శాతం. మంచి ఎలక్ట్రోడే. ఇది 85 శాతానికి దిగితే కొత్తది కొనే వేళ అయిందని అర్థం. ఉష్ణోగ్రతతో ఈ అంకె మారుతుంది, సెల్సియస్‌కి 273.15 కలిపి వచ్చే విలువతో సమానంగా పెరుగుతుంది. డీఎస్ 18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి పక్కన దించి, కాలిబ్రేషన్ రోజు వేడితో పోల్చి సవరిస్తే సరి. దాని స్టీలు తొడుగు లోపలి తీగలకి తగలకుండా ఉందో లేదో మీటర్‌తో ముందే చూసుకోండి, కారణం పైన చెప్పిందే.

రీడింగు ఒకటి తీసి నమ్మకండి. 50 హెర్ట్జ్ గోల 20 మిల్లీసెకన్లకి ఒకసారి తిరుగుతుంది. 100 మిల్లీసెకన్ల పాటు సమాన దూరంలో తీసిన రీడింగుల సగటు తీస్తే ఐదు పూర్తి ఊగులు కలిసి గోల రద్దయిపోతుంది. కాలిబ్రేషన్ చేసిన సప్లై మీదే చెరువు దగ్గరా నడపండి. 5 వోల్టులు మారితే ఏడీసీ మెట్టు సైజు మారుతుంది.

ఆ చివరి బాధ వద్దనుకుంటే ఏడీఎస్ 1115 వాడండి. 16 బిట్లు, సొంత రిఫరెన్స్ లోపలే ఉంటుంది. చాలామంది దీన్ని కొనేది, రెండు పిన్‌ల తేడా కొలిచి మైనస్ అంకె కూడా ఇస్తుంది కాబట్టి మైనస్ వోల్టేజీ తిన్నగా ఇవ్వొచ్చన్న భ్రమతో. అంకె మైనస్ కావచ్చు, పిన్ మాత్రం గ్రౌండ్‌కి 0.3 వోల్టు కంటే కిందికి దిగకూడదు. దీనికీ పీట తప్పదు. పీట ఉంటే మాత్రం హాయి. 39 కిలో బదులు మామూలు తీగ పెట్టి, 10 కిలో తీసేసి, ఆప్‌ఆంప్‌ని ఉత్త బఫర్‌గా మార్చి, ఒకటో కాలు ఒక పిన్‌కి, ఏడో కాలు ఇంకో పిన్‌కి ఇచ్చి, ప్లస్ మైనస్ 0.512 వోల్టుల రేంజి ఎంచుకోండి. 414 మిల్లీవోల్టులు చక్కగా ఇమిడిపోతాయి, మెట్టు 15.6 మైక్రోవోల్టులు.

వాడనప్పుడు ఎలక్ట్రోడ్ కొసని 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. ఎండనివ్వకూడదు, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టనూ కూడదు. చెరువులో రోజుల తరబడి ఉంచితే గాజు మీద నాచు పట్టి అంకె నెమ్మదిస్తుంది. మేం ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ దించి, చదివి, కడిగి, టోపీ పెట్టేస్తున్నాం. ఆ రెండు వేళలే ఎందుకంటే రాత్రంతా నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తెల్లారేసరికి పీహెచ్ తగ్గుతుంది, పగలు ఎండకి నీళ్లలోని పచ్చదనం ఆ కార్బన్ డయాక్సైడ్‌ని తినేయడంతో మధ్యాహ్నానికి పెరుగుతుంది. తేడా 0.5 దాటకుండా చూసుకుంటాడు చిన్నాన్న. మొన్న ఉదయం 7.9, మధ్యాహ్నం 8.3 చూపించింది. జేబులోంచి రంగు చుక్కల కిట్ తీసి తనూ ఒకసారి చూసుకుని, ఏమీ అనకుండా లోపల పెట్టేశాడు.